పాత కంప్యూటర్ల నడుమ లెక్కల బట్వాడా

సహకార సంఘములో ఒక మెంబరు లక్ష రూపాయల పంట ఋణము తీసికొన్నాడనుకొందము. వాయిదా మార్చి 31వ తేదీ. ఆయన మార్చి 4వ తేదీననే అసలును వడ్డీని సంఘములో చెల్లించి రసీదు పుచ్చుకొనెను. గుమాస్తా ఆ జమను సంఘపు కంప్యూటరులో ‘04-03’ అని వేసెను. ఏప్రిల్ నెలలో, సకాలమున బాకీ తీర్చినవారికి రావలసిన వడ్డీ రాయితీకై సంఘము జాబితా తయారుచేసి జిల్లా కేంద్ర సహకార బ్యాంకు కంప్యూటరునకు పంపెను. ఆ రెండవ యంత్రములోని ప్రోగ్రాము నెలను ముందును, తేదీని వెనుకను వ్రాయు అమెరికా వాడుక ననుసరించినదైనచో, ‘04-03’ను ఏప్రిల్ 3వ తేదీగా చదువుకొనును. అనగా మెంబరు వాయిదా దాటించినట్లయినది. 2025-26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము కొనసాగించిన పద్ధతి ప్రకారము 3 లక్షల వరకు గల పంట ఋణములకు వడ్డీ నూటికి 7 రూపాయలు. వాయిదాలోపల తీర్చినవారికి దానిలో 3 రూపాయలు తగ్గి 4 రూపాయలే పడును. లక్షమీద ఏడాదికి ఆ తేడా 3,000 రూపాయలు.

ఇందులో మెంబరు చేసిన తప్పు లేదు. గుమాస్తా తన వాడుకనుబట్టి సరిగానే వ్రాసెను. యంత్రములు రెండును చక్కగానే పనిచేయుచున్నవి. రెండింటికి నడుమ తేదీ వ్రాయు విషయమున ఒప్పందము లేకపోవుటయే దోషము. పైగా ఈ దోషమునకొక కపటగుణము కలదు. మెంబరు మార్చి 14న చెల్లించియున్నచో, 14వ నెల లేదు గనుక బ్యాంకు యంత్రము ఆ పద్దును త్రోసివేసి యుండును. ఎవరో ఒకరు కనిపెట్టి దిద్దియుందురు. 12వ తేదీలోపలి జమలే నోరు మెదపక తప్పుగా లోపలికి పోవును. కాపుకు కనబడు పురుగుకంటె కాండములోపల దొలుచు పురుగే ప్రమాదమని మన వరి రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఎరువుల సంగతి, విత్తనముల సంగతి చెప్పవలసిన డిమాన్‌స్ట్రేటరునకు కంప్యూటర్లతో పనియేమని కొందరడుగవచ్చును. ఎరువు ఎంత వేయవలెనో చెప్పినంత మాత్రమున చాలదు. ఆ ఎరువు సకాలమునకు సంఘపు గోదామునకు చేరవలెను, దానికై తీసికొన్న అప్పు సరిగా జమ పడవలెను. నేడు ఈ రెండును ఒక కంప్యూటరు మరియొక కంప్యూటరునకు పంపు లెక్కలమీద ఆధారపడియున్నవి. కావున ఆ లెక్కలు ఎట్లు పోవుచున్నవో, ఎక్కడ చెడునో మెంబర్లు తెలిసికొనుట మంచిది.

ముందుగా పాత యంత్రముల సంగతి. బ్యాంకులలోను, పెద్ద వర్తక సంస్థలలోను నేటికిని పనిచేయుచున్న ప్రోగ్రాములలో కొన్ని 1959లో రూపొందిన కోబాల్ అను భాషలో వ్రాయబడినవి. అవి పాతవైనను లెక్క తప్పవు. వానిని తీసివేసి క్రొత్తవి పెట్టుటకు డబ్బు మిక్కిలి కావలెను. మార్చునపుడు ఖాతాలు తారుమారగునను భయము వేరు. పదును చెడని కొడవలిని పాతదని ఎవరు పారవేయుదురు? చిక్కేమనగా, ఈ యంత్రములు ఒక్కొక్కటి తన ఇంటిలో తాను పనిచేయుటకు నిర్మింపబడినవేగాని పొరుగువానితో మాటలాడుటకు కాదు. ఒకటి పేరునకు 30 అక్షరముల చోటిచ్చును. మరియొకటి 20 ఇచ్చును. ఒకటి సంవత్సరమును నాలుగంకెలతో వ్రాయును. పూర్వపు ప్రోగ్రాములనేకము రెండంకెలతోనే వ్రాయుచుండెను. ఆ రెండంకెల పొదుపువలన 2000వ సంవత్సరము ప్రవేశించునపుడు లోకమంతట ఎంత వెచ్చము, ఎంత ఆందోళన కలిగినదో పెద్దలకు జ్ఞాపకముండును.

ఇట్టి రెండు యంత్రములను కలుపుటకు పూర్వపు ఉపాయమొక్కటే: ఇచట కాగితముమీద అచ్చువేయుట, అచట మరియొక గుమాస్తా దానిని చూచి మరల కొట్టుట. రెండు మారులు కొట్టిన అంకెలో రెండింతలు తప్పులు వచ్చుట సహజము. దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతికే ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజి, కుదించి ఇ.డి.ఐ. అని పేరు. దాని పుట్టుక కంప్యూటరులో కాదు, రవాణాలో.

1948-49లో సోవియట్ అధికారులు పశ్చిమ బెర్లిన్ నగరమునకు పోవు రోడ్లను, రైలు మార్గములను మూసివేయగా, అమెరికా, బ్రిటన్ మొదలగు దేశములవారు ఆ నగర ప్రజలకు ఆహారమును బొగ్గును విమానములలో చేరవేసిరి. సరుకుల చలానాలు పలు భాషలలో, పలు తీరులలో వచ్చుచుండెను. ఏ విమానములో ఏమున్నదో తెలియుటయే గగనమయ్యెను. అప్పుడు ఎడ్వర్డు గిల్బర్టు అను అమెరికా సైనికుడు టెలెక్సు, రేడియో, టెలిఫోను అను వానిలో దేనిద్వారానైనను పంపదగిన ఒక్క తీరు చలానాను ఏర్పరచుటకు పూనుకొనెను. యుద్ధములో నేర్చిన ఈ పాఠము వర్తకమునకు వచ్చెను. 1968లో అమెరికా రవాణా సంస్థలు ఇందుకొక సమన్వయ సంఘమును స్థాపించుకొనినవి. 1975లో వారి మొదటి నియమములు అచ్చుపడినవి. 1979లో ఎక్స్-12 అను కమిటీ ఏర్పడి అన్ని వర్తకములకు పనికివచ్చు నియమములను వ్రాయసాగెను. 1987లో ఐక్యరాజ్య సమితి పోషణలో ఎడిఫాక్ట్ అను అంతర్జాతీయ పద్ధతి వెలువడెను. ఈ రెండును నేటికిని వాడుకలో నున్నవి.

ఈ పద్ధతిలో ఉత్తరమెట్లుండునో చూతము. ఎడిఫాక్ట్‌లో ఒక విషయమునకును మరియొక విషయమునకును నడుమ కూడిక గుర్తును, ఒకే విషయములోని భాగముల నడుమ రెండు చుక్కలను, ప్రతి పంక్తి చివర ఒక చిన్న కామాను పైన ఉంచుదురు. మన భాషలో దాని పోలికను వ్రాసినచో ఇట్లుండును:

వస్తువు+1+యూరియా'
పరిమాణము+40:సంచి'

అసలు ఉత్తరములో మాటలకు బదులు పొట్టి గుర్తులుండును. మనిషి చదువుటకు ఇంపుగా నుండదు గాని యంత్రమునకు సందేహముండదు. ఏ పంక్తి తరువాత ఏది రావలెనో, దేనికెన్ని అంకెలో, అంతయు ముందే ఒప్పుకొనబడియుండును. ఎక్స్-12లో ఒక్కొక్క కాగితమునకు ఒక్కొక్క సంఖ్య: కొనుగోలు ఆర్డరు 850, బీజకము 810. ఉత్తరము చివర అందులో ఎన్ని పంక్తులున్నవో లెక్క వ్రాసి యుండును. దారిలో ఒక పంక్తి రాలిపోయినచో చేరినచోట వెంటనే తెలిసిపోవును. మన కరణములు పుట అడుగున మొత్తము వేయుట వంటిదే ఇది.

అయితే పై ఉదాహరణములో ‘సంచి’ అనుమాటను మరల చూడుడు. 2018కి పూర్వము యూరియా సంచి 50 కిలోలు. ఆ సంవత్సరమునుండి 45 కిలోలు. డి.ఎ.పి. సంచి 50 కిలోలుగనే యున్నది. 40 సంచుల యూరియా యని ఒక యంత్రము చెప్పగా, పాత పట్టికను మార్చని మరియొక యంత్రము దానిని 2,000 కిలోలుగా లెక్కించును. వచ్చిన సరుకు 1,800 కిలోలే. ఆ 200 కిలోలు ఎవరు మ్రింగిరని సంఘములో పోట్లాట! ధాన్యము సంగతి యింకను చిక్కు. గోదావరి ప్రాంతమున బస్తా యనిన 75 కిలోలు. తెలంగాణ కొనుగోలు కేంద్రములలో 40 కిలోల బస్తా. నెల్లూరువారు పుట్టి లెక్కన అమ్ముదురు, అది 850 కిలోలు. మనలో మనము మాటలాడుకొనునపుడు ఊరునుబట్టి అర్థము చేసికొందుము. యంత్రమునకు ఊరు తెలియదు. ఇందుకనియే ఐక్యరాజ్య సమితివారు కొలతలకన్నింటికి గుర్తుల పట్టికను ప్రకటించినారు. కిలోకు, టన్నుకు, క్వింటాలుకు, ఎకరమునకు, హెక్టారుకు వేరువేరు గుర్తులు కలవు. ఉత్తరములో అంకెప్రక్క ఆ గుర్తు తప్పక నుండవలెను. తేదీకిని ఇట్టి కట్టడి 1988లో అంతర్జాతీయ ప్రమాణముగా వచ్చెను: ముందు సంవత్సరము నాలుగంకెలు, తరువాత నెల, తరువాత దినము. 2026-03-04 అని వ్రాసినచో ఈ ప్రమాణము నెరిగిన యంత్రము మార్చి 4 అనియే చదువును. ఏప్రిల్ 3 అను భ్రాంతికి చోటుండదు.

పాత యంత్రము ఈ క్రొత్త మర్యాదలన్నియు ఎట్లు నేర్చుకొనునని అడుగుదురేమో. అది నేర్చుకొననక్కరలేదు. దాని ప్రక్కను దుబాసీ వంటి వేరొక ప్రోగ్రామును కూర్చుండబెట్టుదురు. పాత యంత్రము రాత్రివేళ తన అలవాటు చొప్పున ఒక చిఠ్ఠా వ్రాసి పెట్టును: మొదటి పది గళ్లలో ఖాతా సంఖ్య, తరువాతి ముప్పదిలో పేరు, ఆ తరువాత మొత్తము, ఈ రీతిగా. దుబాసీ ఆ చిఠ్ఠాను చదివి, ఒప్పుకొనిన ఉత్తరముగా మార్చి పంపును. అవతలి దుబాసీ దానిని తన యజమాని కోరు రూపమునకు మార్చి అందించును. ఇరుప్రక్కల పాత ప్రోగ్రాములలో ఒక్క అక్షరమైనను కదల్పబడదు. ఈ దుబాసీకి ఇయ్యవలసిన పట్టిక, అనగా మన ఫలాని గడి వారి ఫలాని గడికి సమానమను పట్టిక, తయారుచేయుటయే అసలైన శ్రమ. ఇది యంత్రజ్ఞులొక్కరే కూర్చుండి చేయు పని కాదు. ‘చెల్లింపు తేదీ’ యనగా మెంబరు డబ్బు కట్టిన దినమా, బ్యాంకులో పద్దు పడిన దినమా యని చెప్పవలసినవారు కార్యదర్శియు, బ్యాంకు అధికారియు.

ఇక దారి. మొదట ఈ ఉత్తరములు ప్రత్యేక కంపెనీల తంతులగుండ పోవుచుండెను. ఆ కంపెనీ మన కొక పెట్టె యిచ్చి, అందులో పడిన ఉత్తరములను భద్రపరచి, అక్షరములు వేలలెక్కన కూలి తీసికొనెడిది. పెద్ద వర్తకులకది భారము కాదు గాని చిన్నవారు దాని దరికి చేరలేకపోయిరి. ఇంటర్నెట్టు వ్యాపించినపిమ్మట అవే ఉత్తరములను దానిమీదనే పంపు మార్గములు వచ్చినవి. వానిలో ముఖ్యమైనది ఎ.ఎస్.2. 2002లో అమెరికాలోని వాల్‌మార్ట్ దుకాణముల సంస్థ తనకు సరుకులిచ్చువారు దీనిని వాడవలెనని కోరుటతో ఇది బాగుగ వ్యాపించెను. 2005లో దీని నియమములు ఇంటర్నెట్ ప్రమాణ పత్రముగా వెలువడెను. లోపలి ఉత్తరము పాతదే. కవరు మాత్రము క్రొత్తది. ఈ కవరునకు వేయు తాళము వింతైనది. తాళముకప్పను ఎవరికైనను ఇయ్యవచ్చును, వారు దానిని నొక్కి వేయగలరు. తీయు చెవి మాత్రము గ్రహీతయొద్దనే యుండును. పంపినవాడు తానేయని తెలుపు ముద్రయు దానిపై నుండును. ఈ తాళములకు గడువు కలదు. గడువు తీరిన దినమున మార్చుట మరచినచో ఉత్తరములు ఆగిపోవును. యంత్రము చెడినదని అందరును కంగారుపడుదురు. కావున ఆ తేదీని కార్యాలయపు గోడమీది క్యాలెండరులో వ్రాసి యుంచుట మంచి అలవాటు.

రసీదుల విషయము నిదానముగా వినుడు. రిజిస్టరు ఉత్తరము పంపినపుడు చేరిన గుర్తు తిరిగివచ్చును గదా. ఎ.ఎస్.2లో కోరినచో అట్టి రసీదు ముద్రతో సహా తిరిగివచ్చును. మనము పంపినదే చెక్కుచెదరక చేరినదని అందులోని లెక్కనుబట్టి సరిచూచుకొనవచ్చును. కాని అది కవరు చేరినదని మాత్రమే చెప్పును. లోపలి ఉత్తరము నియమము ప్రకారము వ్రాయబడినదా లేదా అనుటకు వేరొక రసీదు కలదు. ఎక్స్-12లో దాని సంఖ్య 997. అదియు వచ్చినదనుకొందము. అప్పటికిని ‘మీరడిగిన సరుకు ఇచ్చెదము’ అను మాట ఇంకను రాలేదు; దానికి మూడవ కాగితము, ఆర్డరు విషయమున 855. చేరుట వేరు, అర్థమగుట వేరు, అంగీకరించుట వేరు. ‘కంప్యూటరులో పంపివేసినాము’ అని కార్యాలయమువారు చెప్పిన మాట ఈ మూడింటిలో మొదటిదానికైనను చాలదు.

ఒకే ఉత్తరము రెండు మారులు పోవుటయు కలదు. కరెంటు పోయి వచ్చినపుడు, చేరినదో లేదో తెలియక గుమాస్తా మరల మీట నొక్కును. అందుచే ప్రతి ఉత్తరమునకు మరల రాని సంఖ్య యుండవలెను. అదే సంఖ్యతో రెండవది వచ్చినచో గ్రహీత త్రోసివేయవలెను. లేనిచో ఒక అప్పు రెండప్పులగును. మన దేశపు జి.ఎస్.టి. ఎలక్ట్రానిక్ బీజకములలో ఈ సంగతిని చక్కగ ఏర్పరచినారు. 2020 అక్టోబరు 1వ తేదీన 500 కోట్లకు మించిన వ్యాపారము గలవారితో ఆరంభమై, 2023 ఆగస్టు 1నుండి 5 కోట్లకు మించినవారికి ఇది విధింపబడెను. వర్తకుడు తన పాత లెక్కల ప్రోగ్రామును మార్చనక్కరలేదు. బీజకమును నియమించిన రూపమున నమోదు కేంద్రమునకు పంపినచో 64 అక్షరముల గుర్తొకటి తిరిగివచ్చును. ఆ గుర్తు వర్తకుని నమోదు సంఖ్య, ఆర్థిక సంవత్సరము, కాగితపు రకము, బీజకపు సంఖ్య వీనినుండి కట్టబడుటచే, అదే బీజకము మరల పంపినచో అదే గుర్తు వచ్చును, రెండవది చెల్లదు.

ఈ బీజకములలో వాడు రూపము కూడికగుర్తుల పాత రూపము కాదు. 1998లో ఎక్స్.ఎం.ఎల్. అను పద్ధతి, తరువాత జేసన్ అను పద్ధతి వచ్చినవి. వీనిలో ప్రతి విషయముప్రక్క దాని పేరు వ్రాసి యుండును గనుక మనుష్యులును చదువగలరు. ఇక చిక్కులన్నియు తీరినవని అప్పట్లో కొందరు సంబరపడిరి. గోనెమీద ‘బియ్యము’ అని చీటీ కట్టినంత మాత్రమున లోపల సన్నబియ్యమో దొడ్డుబియ్యమో తెలియునా? పేరు వ్రాయుట మేలే. ఆ పేరునకు అర్థమేమో ఒప్పుకొనుట మిగిలియే యున్నది.

మన సంఘములకు మిక్కిలి బాధకలిగించునవి పేర్లు, సంఖ్యలు. తెలుగు లిపికి 1991లో యూనికోడ్‌లో చోటు దొరికెను గాని, పాత యంత్రములనేకము ఆంగ్లాక్షరములే ఎరుగును. సీతయ్య అను పేరు వ్రాయుటలో కొందరు ‘టి’ యొక్కటే వ్రాయుదురు. కొందరు దాని ప్రక్క ‘హెచ్’ చేర్తురు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగను, ఒకచోట పొడి అక్షరముగను ఉండును. యంత్రమునకు వీరిద్దరును వేరువేరు మనుష్యులు. కావున పేరునుబట్టి గాక సంఖ్యనుబట్టి పద్దును పోల్చవలెను. ఆ సంఖ్యకును గండము కలదు. నడుమ ఎవరైనను చిఠ్ఠాను ఎక్సెల్ వంటి పట్టికలో తెరచి మరల దాచినచో, 00417 అను ఖాతా 417గా మారిపోవును. 15 అంకెలకు మించిన సంఖ్యలలో చివరి అంకెలు సున్నలగును. ఖాతా సంఖ్య కూడుటకు తీసివేయుటకు కాదు, అది పేరువంటిది. దానిని అక్షరముగనే ఉంచుమని గుమాస్తాకు చెప్పవలెను.

ఈ సంగతులు ఇప్పుడు చెప్పుటకు కారణము కలదు. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. నాబార్డు ద్వారా ఒక్క తీరు ప్రోగ్రామును సమకూర్చి, సంఘములను జిల్లా బ్యాంకులతోను రాష్ట్ర బ్యాంకులతోను కలుపుట దాని ఉద్దేశము. ఒక్క తీరు ప్రోగ్రాము వచ్చుట మంచిదే. కాని దానిలోనికి ఎక్కవలసినవి మన పాత లెడ్జర్లు, పాత కంప్యూటర్లలోని పద్దులు. పాతదానిలోని తప్పు క్రొత్తదానిలోనికి నేరుగ ప్రయాణము చేయును. అచ్చు అందముగా నుండుటచే దానిని నమ్మువారు ఎక్కువగుదురు.

కాబట్టి మార్పు జరుగు సంఘములలో మెంబర్లు కొన్ని ప్రశ్నలు అడుగవలెను. పాత పుస్తకమును మూయుటకు ముందు, పాత నిల్వల మొత్తమును క్రొత్త నిల్వల మొత్తమును సరిపోల్చినారా? మొత్తము సరిపోయినంత మాత్రమున ఊరుకొనరాదు. ఒకని బాకీ మరియొకనికి పడినను మొత్తము మారదు. ప్రతివాడును తన ఖాతా నిల్వను చదివించుకొని తన పాసుపుస్తకముతో పోల్చుకొనవలెను. చెల్లింపు తేదీ యని బ్యాంకు దేనిని లెక్కించునో కార్యదర్శి చేత వ్రాయించి నోటీసు బోర్డుమీద పెట్టించుడు. మీ రసీదుమీద తేదీయందలి నెల అక్షరములలో, ‘మార్చి’ అని, ఉండునట్లు అడుగుడు. ఇందుకు ఖర్చు లేదు. ఫోనుకు వచ్చు రహస్య సంఖ్యను మాత్రము సరిచూచు నెపముతో ఎవరడిగినను చెప్పకుడు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న త్రోసివేయబడిన పద్దులనుగూర్చినది. ప్రతి రాత్రి పోయిన పద్దులలో కొన్ని అవతలి యంత్రము అంగీకరింపక తిరిగి పంపును, లేదా సస్పెన్సు ఖాతాలో పడవేయును. మరునాటి ఉదయము ఆ జాబితాను చూచువారెవరు? వారు సెలవులో నున్న దినమున చూచువారెవరు? అట్టి పద్దులెన్ని, ఎన్ని దినములనుండి ఉన్నవి అను రెండు అంకెలను ప్రతి నెలయు పాలకవర్గము ముందు ఉంచవలెనని తీర్మానము చేయించుడు. మార్చి, ఏప్రిల్ నెలలలో మాత్రము వారమునకొకమారు ఉంచవలెను. వాయిదా తేదీ దాటినపిమ్మట దిద్దిన పద్దునకు రాయితీ రాబట్టుటకు బ్యాంకు చుట్టు తిరుగవలసివచ్చును.